టైరు మీద నాలుగంకెలు చూశావా తమ్మీ?

"అన్నా, మూడు లక్షలున్నయ్. ఏ కారు తీస్కోమంటవ్?"

నవాబుపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఇంట్లో మొదటి కారు. సగం నాన్న కందులమ్మిన పైసలు, సగం తన జీతంలోంచి దాచినవి. రోజూ డ్యూటీకి వికారాబాద్ పోయి రావాలి. నెలకోసారి అమ్మను హైదరాబాద్‌లో డాక్టర్‌కి చూపించాలి. అప్పటికే ఫోన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి ఫొటోలు చూసి ఫిదా అయిపోయాడు. రేటు సరిగ్గా మూడు లక్షలు.

"మూడు లక్షలుంటే రెండున్నర లక్షల బండి చూడు తమ్మీ" అన్నాను.

ఫస్ట్ కారు కొనే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. బండి ధర ఒక్కరోజు ఖర్చు. పేరు మార్పు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్... ఇవన్నీ ఆ తర్వాత క్యూ కడతాయి. అప్పుడు చేతిలో పైసా లేకపోతే అరిగిన బ్రేక్ ప్యాడ్‌తోనే 'వచ్చే నెల చూద్దాంలే' అని నడిపేస్తాం. కానీ మనం ఎక్కేది హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు. తాండూరు నాపరాళ్ల లారీలు, సిమెంట్ లారీలు, కంకర టిప్పర్లు. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సు, టిప్పర్ ఢీకొన్న ఘోరం మనమెవరం మర్చిపోలేదు. ఆ రోడ్డు మీద 'వచ్చే నెల' అనే మాట పనికిరాదు.

డీజిలా, పెట్రోలా?

రోజుకి వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకైతే డీజిల్ ఓకే. రోజూ కొద్ది దూరమే అయితే చిన్న పెట్రోల్ బండి చాలు. పాత డీజిల్ బండికి ఇంజెక్టరో, టర్బోనో పోయిందంటే మైలేజీలో మిగిలిందంతా మెకానిక్ దగ్గరే తేలిపోతుంది. ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్త బండే తగ్గినప్పుడు పాతది తగ్గదా? గట్టిగా బేరమాడండి.

చూడ్డానికి పోతే...

పొద్దున్నే పోండి. 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా' అని ముందే చెప్పండి. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు. ఆయిల్ మూత తీస్తే లోపల పాలమీగడలాంటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. సీట్ బెల్టును చివరిదాకా లాగండి. అడుగున బురద మరక ఉంటే అది నీళ్లలో మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో కార్లు ఎలా తేలాయో వీడియోల్లో చూశాం కదా!

ఇక టైరు. పక్కన ముద్రించిన నంబర్లలో చివరి నాలుగంకెలు దాని పుట్టినరోజు. 1417 అని ఉంటే 2017లో 14వ వారం తయారైందని అర్థం. గాళ్లు లోతుగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును మార్చేయడమే మంచిది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే.

పేరు మారిందా?

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టండి. ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు తెలుస్తాయి. పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. పేరు మార్పును మాత్రం 'తర్వాత చేసుకుందాం' అనుకోవద్దు. ఇది అమ్మేవాళ్లకూ ముఖ్యమే. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత బైక్ అమ్మేసి ఆర్సీ సంగతి మర్చిపోయినవాళ్లు ఈ రోజే చూసుకోండి.

కొన్నాక...

పదిహేను రోజులకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చెక్ చేయించండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. స్టెప్నీని మర్చిపోవద్దు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగలదు, బ్రేకులు కాలిపోతాయి. సెకండ్ గేర్‌లో దిగండి, ఇంజినే బండిని పట్టుకుంటుంది.

మరి మన తమ్ముడు? ఆ డీజిల్ బండి దగ్గరికి పోయాడు. 'టైర్లు కొత్తవే' అన్నాడట ఓనర్. వంగి చూస్తే నాలుగూ 2016వి. నమస్తే పెట్టి వచ్చేశాడు. నెలన్నర తిరిగి, రెండు లక్షల నలభై వేలకి ఒక పెట్రోల్ బండి తీసుకున్నాడు. మిగిలిన పైసల్లోంచే కొత్త టైర్లు వేయించాడు, బ్రేక్ ప్యాడ్లు మార్పించాడు, ఆర్సీ తన పేరు మీదికి తెచ్చుకున్నాడు.

మొన్న అమ్మానాన్నలతో మొదటిసారి హైదరాబాద్ బయల్దేరారట. ముందు సీట్లో కూర్చున్న నాన్న "మనూర్లె బెల్టెందుకురా, చేవెళ్ల దాటినంక పెట్టుకుంటలే" అన్నాడట. తమ్ముడు తాళం తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"మరేమైంది?" అని అడిగాను.

"రెండు నిమిషాలు కోపంగ చూసిండన్నా. ఎన్కనుంచి అమ్మ పెట్టుకున్నది. ఆ చప్పుడు ఇని ఆయన గూడ పెట్టుకున్నడు."