సెలవునాటి శకటారోహణము

వారమంతయు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) నడుమ తుమ్ముచు, దగ్గుచు, కన్నీరు తుడుచుకొనుచు గడపిన మా నల్లపాటి మనుష్యుడు శనివారము రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరి, రావిర్యాలలో 2016లో తెరచిన వండర్లా వినోదోద్యానమునందు రోలర్ కోస్టరుపై తలక్రిందులగుటను చూచి, పెద్దలు ‘డబ్బిచ్చి దడ కొనితెచ్చుకొనుట’ యని యెకసక్కెమాడుదురు గాని, వారితో నేనేకీభవింపజాలను. సామాన్యముగా ఆ బండికి ఇంజనుండదు. గొలుసు దానిని శిఖరమునకు లాగి విడిచిన పిదప తక్కిన పరుగంతయు భూమ్యాకర్షణమే నడపును. ఘర్షణచే శక్తి క్షయించుచుండుటవలన తరువాతి మిట్టలు మొదటిదానికంటె పొట్టిగా నుండక తప్పదు (మిర్చి ధర మాత్రము ఏ గొలుసును లేకయే యెక్కును, ఏ లెక్కకు నందకయే జారును). శిఖరము దాటు క్షణమున దేహము బరువు కోల్పోయినట్లు తోచును. బస్తాలు మోసిన భుజమునకు అంతకు మించిన విశ్రాంతి వేరేమి కావలెను? రష్యావారు మంచుగుట్టలపై జారుట, 1884లో అమెరికాలోని కోనీ ద్వీపమున లామార్కస్ థాంప్సన్ గంటకు ఆరు మైళ్ళ వేగమున బండి నడపుట యటుండ, శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల వెలుగున రంగులరాట్నమెక్కి కేకలు వేసినవారు ఈ పెద్దలే గదా! నా కినుక యంతయు టిక్కెట్టు వెలపైననే: నలుగురున్న కుటుంబమునకు అది పెక్కు దినముల కూలి యగుటచే, మా వీధి పిల్లలలో అనేకులకు నేటికిని తిరునాళ్ళ రాట్నమే గతి.