57 శాతం ఓట్లతో ఒకచోట గెలుపు, మరోచోట ఓటమి: అమెరికాలో అబార్షన్ హక్కు పోరు

57 శాతం ఓట్లు తెచ్చుకున్న పక్షం ఓడిపోతుందా? 2024 నవంబర్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో అదే జరిగింది. అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలని అక్కడ 57 శాతం మంది ఓటేశారు. కానీ సవరణకు 60 శాతం కావాలన్నది అక్కడి రూలు. దాంతో ఆరు వారాలు దాటితే అబార్షన్ కుదరదన్న చట్టమే నిలిచింది. ఆరు వారాలంటే చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు.

ఒహాయోలో 2023 నవంబర్‌లో దాదాపు ఇదే శాతం ఓట్లతో హక్కు గెలిచింది. అక్కడ సగం దాటితే చాలు. నిజానికి ఆ గీతను కూడా 60కి పెంచాలని పాలకులు మూడు నెలల ముందే ప్రత్యేక ఓటింగ్ పెట్టారు. ఆట మొదలయ్యాక రూల్స్ మార్చడమన్నమాట. జనం ఒప్పుకోలేదు. అప్పటికే కార్యకర్తలు ఊరూరా తిరిగి 7 లక్షలకు పైగా సంతకాలు సేకరించి ఉన్నారు.

ఈ ఇంటింటి ప్రచారం సత్తా మొదట తెలిసింది కాన్సాస్‌లో. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. 40 రోజులు తిరక్కముందే, ఆగస్టు 2న, కాన్సాస్‌లో అబార్షన్ హక్కును తీసేసే సవరణపై ఓటింగ్ జరిగింది. 2020లో ట్రంప్ దాదాపు 15 శాతం ఆధిక్యంతో గెలిచిన రాష్ట్రమది. అయినా 59 శాతం మంది వద్దన్నారు. ప్రచారం చేసినవాళ్లు పార్టీల ఊసెత్తకుండా, 'మీ ఇంటి విషయంలో సర్కారు జోక్యమేంటి?' అని అడిగారు. రిపబ్లికన్ ఓటర్లు కూడా కదిలింది ఆ మాటకే.

అయితే టెక్సాస్, జార్జియాల్లో సంతకాలు సేకరించి ఇలా ఓటింగ్‌కు పెట్టే దారే లేదు. మనవాళ్లు వేలల్లో ఉన్న డాలస్‌లో కూడా టెక్సాస్ నిషేధమే నడుస్తోంది. డబ్బున్న వాళ్లు విమానమెక్కి న్యూ మెక్సికో వెళ్తారు. మరి కూలి పోతే పూట గడవని ఆమె? బస్సు చార్జీ, లాడ్జి గది, పిల్లల్ని చూసుకునే మనిషి, ఇవన్నీ సమకూర్చేది చందాలతో నడిచే చిన్న నిధులే. పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమాలో అబార్షన్‌కు కేంద్ర డబ్బు రాకుండా కాంగ్రెస్ 1976లోనే అడ్డం పెట్టింది, కొద్ది మినహాయింపులతో. 1994లో నల్లజాతి మహిళలు 'పునరుత్పత్తి న్యాయం' అన్న మాట తెచ్చింది ఇందుకే. కోర్టులో హక్కుంటే సరిపోదు, ఆస్పత్రి గడప దాకా చేరగలగాలి, కన్న పిల్లల్ని సురక్షితంగా పెంచుకోగలగాలి అన్నది వాళ్ల వాదన.

గెలిచినచోటా నిశ్చింత లేదు. మిస్సోరీలో 2024లో స్వల్ప మెజారిటీతో హక్కు గెలిచింది. ఆరు నెలలకే శాసనసభ దాన్ని రద్దు చేసే సవరణను 2026 నవంబర్ ఓటింగ్‌కు పెట్టాలని తీర్మానించింది. సంతకాల కోసం తిరిగినవాళ్లు మళ్లీ అవే గడపలెక్కాలి.