కాగితం ఇరుక్కుందా? ఎవరు చెప్పారు?

మా ఆఫీసు మూడో అంతస్తులో ప్యాంట్రీ పక్కన ఒక జిరాక్స్ మిషను ఉంది. (కంపెనీ ఏదైనా మనకి అన్నీ జిరాక్స్ మిషన్లే లెండి.) ప్రింటు, కాపీ, స్కాను అన్నీ అదే చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కాగితాలతో పనేమిటి అనుకోకండి. ఫైనాన్స్ వాళ్ళకి బిల్లులు, హెచ్చార్ వాళ్ళకి ఫైళ్ళు, గవర్నమెంటు ప్రాజెక్టులకి టెండర్లు వేసే టీముకైతే కట్టలు కట్టలు కాపీలు. ఆ కట్టలన్నీ తీసేది మా అటెండరన్న. పేరు రాయను, అందరం అన్నా అనే పిలుస్తాం. ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషి, నలభై ఐదు దాటి ఉంటాయి.

పోయిన వర్షాకాలం నుంచి ఆ మిషను ఊరికే జామ్ అవడం మొదలెట్టింది. చిత్రమేమిటంటే మా ఎవరికీ అవ్వదు. అన్న తీస్తేనే అవుతుంది. మేము వెళ్ళి రెండు పేజీలు తెచ్చుకుంటాం, చక్కగా వస్తాయి. అన్న అరవై పేజీల టెండరు పెడితే మధ్యలో కీచుమని ఆగిపోతుంది, తెర మీద ఎర్ర బొమ్మ వస్తుంది, "కాగితం ఇరుక్కుంది, తీసివేయండి" అని. తలుపు తీసి చూస్తే నిజంగానే కాగితం ఉంటుంది, సగం లోపల సగం బయట. లాగితే నలిగి చిరిగి వస్తుంది. చెత్తబుట్ట నిండా నలిగిన కాగితాలు.

సర్వీసు వాళ్ళు రెండుసార్లు వచ్చారు. కాగితం లాగే రోలర్లు మార్చారు. వానాకాలం కదండీ, కాగితం చెమ్మ పీల్చుకుందన్నారు. అది అబద్ధమేం కాదు, కాగితం గాల్లో తేమ పీలుస్తుంది, వంకర తిరుగుతుంది, రెండేసి అంటుకుని పోతాయి. కాబట్టి కొత్త రీము విప్పి వేశారు. అయినా అదే పాట. చివరికి తేల్చిన సంగతేమిటయ్యా అంటే, ఆపరేటరుకి కాగితం పెట్టడం రావట్లేదు. అడ్మిన్ వాళ్ళు అందరికీ ఒక మెయిలు పెట్టారు, మీకెవరికైనా జామ్ అవుతోందా అని. నేను పెద్ద ఇంజనీరుని కదా, వెంటనే జవాబిచ్చాను. "నాకెప్పుడూ అవలేదండీ. ట్రేలో కాగితం సర్దడంలో ఏదో తేడా ఉన్నట్టుంది."

ఆ నెల అన్న జీతంలో రెండు రీముల డబ్బులు కోసుకున్నారని నాకు తర్వాత తెలిసింది. మనిషిని మార్చమని ఏజెన్సీకి కబురు కూడా వెళ్ళిందట. "నేను మంచిగనే వెడ్తున్న సార్, అదే ఆగిపోతున్నది" అని అన్న నాతో ఒకసారి అన్నాడు. విన్నాను, తలాడించాను, టీ తాగి వచ్చేశాను.

నా కళ్ళు తెరిపించింది ఒక శనివారం. మా అక్క వీసా కాగితాలు డెబ్భై దాకా కాపీ తీయాలి. ఆ రోజు అన్న సెలవు. రీముని విసనకర్రలా విప్పి, అంచులు సమానంగా తట్టి, ట్రేలో గైడ్లు సర్ది, పాఠ్యపుస్తకంలో రాసినట్టు చేశాను. నలభై పేజీలు దాటాయో లేదో, కీచు, ఎర్ర బొమ్మ. తీసి మళ్ళీ మొదలెట్టాను. ఈసారి నాలుగో పేజీకే ఆగింది. క్యాంటీన్‌కి వెళ్ళి, అరగంట కూర్చుని వచ్చి మళ్ళీ పెడితే ముప్ఫై పైగా బుద్ధిగా వచ్చాయి.

అప్పుడు వెలిగింది. మాకెవరికీ జామ్ అవకపోవడానికి కారణం మా చేతివాటం కాదు. మేము రెండు పేజీలతో ఆగిపోతాం. మిషను వేడెక్కే దాకా దాన్ని నడిపేది అన్న ఒక్కడే. కోడులో ఇలాంటిది దొరికితే లోడ్ పెరిగితేనే వచ్చే బగ్ అని ఐదు నిమిషాల్లో పసిగట్టేవాణ్ణి. ఎదురుగా మనిషి ఉన్నాడు కాబట్టి బగ్ ఆయనలో వెతికాను.

ఇక్కడ కాస్త మిషను లోపలికి వెళ్దాం. నేను ఈసీఈ చదివి కోడింగులోకి జారిన బాపతు. మాలో చాలామంది చేసినట్టే కోఠీ గుజరాతీ గల్లీలో ఐఆర్ సెన్సార్లు కొని, నల్లగీత వెంట నడిచే బొమ్మకారు మినీ ప్రాజెక్టు చేశాను. ల్యాబులో బ్రహ్మాండంగా నడిచేది, ఎండలో పెడితే పిచ్చి పట్టినట్టు తిరిగేది. ఎందుకంటే ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, సెన్సారుకి మన ఎల్‌ఈడీకీ సూర్యుడికీ తేడా తెలియదు. ఈ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

జిరాక్స్ మిషనులో కాగితాన్ని కనిపెట్టే సెన్సారు చాలావాటిలో ఇదే సరుకు. 'యు' ఆకారంలో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క. ఒక కొమ్ములో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, రెండో కొమ్ములో ఫోటో ట్రాన్సిస్టరు. మధ్య సందులో ఒక ప్లాస్టిక్ మీట ఊగుతుంటుంది, దాన్ని ఫ్లాగ్ అంటారు. కాగితం వచ్చి మీటని నెడితే దాని రెండో కొస సందులోంచి కదులుతుంది. వెలుతురు పడేది ఆగుతుంది, లేదా ఆగినది పడుతుంది, డిజైనుని బట్టి. కాగితం వెళ్ళిపోగానే చిన్న స్ప్రింగో, మీట సొంత బరువో దాన్ని వెనక్కి తెస్తుంది. అంతే. అంటే ఆ మిషను తన జన్మలో కాగితాన్ని చూడలేదు. దానికి తెలిసింది ఒక్కటే, వెలుతురు పడుతోందా లేదా. వెలుతురుని బట్టి మీట, మీటని బట్టి కాగితం, కాగితాన్ని బట్టి జామ్. మూడు మెట్ల ఊహ అది. తెర మీదకి వచ్చేసరికి మాత్రం కళ్ళారా చూసినట్టు చెబుతుంది.

జామ్ అని ఎలా తేలుస్తుంది? గడియారంతో. కాగితం రావాల్సిన టైముకి సెన్సారు దగ్గరికి రాకపోతే ఒక రకం. వచ్చింది పోవాల్సిన టైముకి పోకపోతే ఇంకో రకం. నిమిషానికి 20 పేజీల మిషను అనుకోండి, పేజీకి 3 సెకన్లు. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. నిలువుగా వెళ్తే సెకనుకి కనీసం 99 మిల్లీమీటర్లు కదలాలి, పేజీకీ పేజీకీ మధ్య ఖాళీ కూడా కావాలి కాబట్టి ఇంకాస్త వేగంగానే. ఆ ఖాళీలో, సెకనులో కొద్ది భాగంలో, మీట టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చిందనుకోండి, వెనక కాగితం అప్పటికే వచ్చి దాన్ని మళ్ళీ నెడుతుంది. మిషను దృష్టిలో మొదటి కాగితం ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క.

అసలు దారుణం ఇక్కడుంది. మొదటి కాగితం హాయిగా బయట ట్రేలో పడి ఉంటుంది. మిషను జామ్ అనుకుని మోటార్లు ఆపేస్తుంది. ఆపిన క్షణాన దారిలో ఉన్న రెండో కాగితమూ మూడో కాగితమూ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. మనం తలుపు తీసి చూస్తాం, కాగితం కనబడుతుంది, "ఇదిగో ఇరుక్కుంది" అంటాం. అది ఇరుక్కోలేదు మహాప్రభో, మిషను ఆపితే ఆగింది! లాగి చించింది మనం. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాడే సాక్ష్యం కూడా తయారుచేసి పెట్టాడన్నమాట. చెత్తబుట్టలో ఆ నలిగిన కాగితాలు చూసే కదా అన్న మీద కేసు కట్టాం.

సోమవారం సర్వీసు కుర్రాడిని పిలిపించి పక్కన నిలబడ్డాను. జామ్ చిట్టా తీయించాను. సర్వీసు మోడులో అన్నీ ఉన్నాయండీ, ఏ సెన్సారు దగ్గర, ఏ రకం జామ్, ఎన్నో కాపీ దగ్గర అని వరసగా. దాదాపు అన్నీ ఒకే చోట, ఫ్యూజరు దాటాక బయటికి వెళ్ళే దారిలోని సెన్సారు, "పోలేదు" రకం. కాగితం పెట్టడం రాకపోతే ట్రే దగ్గర ఆగాలి, "రాలేదు" రకం పడాలి. రెండుసార్లు వచ్చిన సర్వీసు వాళ్ళు ఈ చిట్టా తెరిచి ఉంటే అన్న పేరు ఎత్తేవారే కాదు. అదే మోడులో సెన్సార్ల పరీక్ష ఉంది. మీటని వేలితో నొక్కి వదిలితే తెర మీద 0, 1 మారతాయి. చల్లగా ఉన్నప్పుడు టక్కున మారింది. యాభై కాపీలు నడిపి, పవరు తీసి, ఫ్యూజరు జోలికి పోకుండా మళ్ళీ చూస్తే మీట నిద్రమత్తులో లేచినట్టు మెల్లగా వచ్చింది. ఇరుసు దగ్గర టోనరు పొడి, ఎండిన గ్రీజు కలిసి జిగురైంది, స్ప్రింగు సాగింది. వేడెక్కితే ఇంకా పట్టేస్తోంది. తుడిచి స్ప్రింగు మార్చాడు. పావుగంట పని. ఆ తర్వాత రెండొందల కాపీలు తీశాం, ఒక్కటీ ఆగలేదు.

అన్నిసార్లూ మీటే దోషి కాదు. చిరిగిన కాగితం ముక్క 'యు' సందులో పడొచ్చు. సెన్సారు కళ్ళ మీద దుమ్ము పేరుకోవచ్చు, అప్పుడు మెత్తటి బ్రష్షో గాలి ఊదే బల్బో చాలు, తడిగుడ్డ వద్దు. వైరు తెగితే ఇంకో తమాషా, సర్క్యూట్లో పుల్-అప్ రెసిస్టరు ఉంటే తెగిన వైరు కూడా 1 అనే చదవబడుతుంది. ఆ 1కి అర్థం కాగితం ఉన్నట్టా, లేనట్టా అన్నది డిజైనరు ఇష్టం. సెన్సారు మీద అనుమానం తేలకపోతే అలాంటిదే వేరే చోట ఉన్న సెన్సారుతో అటుదిటు మార్చి చూస్తారు, జామ్ కూడా దానితో పాటే వెళ్తే దొంగ దొరికినట్టే. మనలాంటి వాళ్ళు చేయగలిగింది మాత్రం ఒకటుంది. ఎర్ర బొమ్మ రాగానే కాగితం పట్టి పీకకుండా, అది ఎక్కడ ఆగిందో, చివరి పేజీ బయట పడిందో లేదో ఒక్క చూపు చూడండి. పీకితే సాక్ష్యం పోతుంది.

మధ్యలో మా వాళ్ళలో ఒకాయన సలహా ఇచ్చాడు, ఆ మీటకి సెలోటేపు వేసి పడుకోబెట్టేస్తే పోలా అని. కోడులో ఖాళీ క్యాచ్ బ్లాకు పెట్టే రకం లెండి, ప్రతి టీములో ఒకరుంటారు :) ఫ్యూజరు రోలరు 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నిజంగా కాగితం అక్కడ చుట్టుకుంటే ఆపేది ఈ మీటే. 1959లో వచ్చిన జిరాక్స్ 914, మామూలు కాగితం మీద కాపీ తీసే మిషన్లలో మొదటి పెద్ద హిట్టు, కాగితం అంటుకునే భయంతో చిన్న మంటలార్పే సిలిండరుతో సహా అమ్మారు. దాని పేరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అంటే జనం బెదిరిపోతారని 'స్కార్చ్ ఎలిమినేటర్' అని పెట్టారట. మార్కెటింగు అప్పుడూ అంతే.

నా గొడవ మీట గురించి కాదు. మిషనుకి తెలిసినదంతా లోపల రాసుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషికి మాత్రం తన ఊహ ఒక్కటే చెబుతుంది. ఈ గొడవ పాతదే. రిచర్డ్ స్టాల్‌మన్ ఎంఐటీలో పనిచేసే రోజుల్లో వాళ్ళ పాత ప్రింటరు జామ్ అయితే క్యూలో ఉన్నవాళ్ళకి కబురు వెళ్ళేలా దాని ప్రోగ్రాము మార్చుకున్నాడు. 1980 ప్రాంతంలో వచ్చిన కొత్త లేజర్ ప్రింటరుకి అలా చేద్దామంటే సోర్స్ కోడు ఇవ్వలేదు. 1983లో గ్నూ ప్రకటన దాకా ఆయన్ని నడిపించినవాటిలో ఆ చిరాకు కూడా ఉంది. మనం రోజూ వాడే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కథలో ఒక పేపర్ జామ్ ఉందన్నమాట. మా మిషను తెర మీద "చివరి సెన్సారు ఇంకా మూసుకునే ఉంది, అక్కడ కాగితం లేకపోతే సెన్సారు చూపించండి" అని ఒక్క ముక్క ఉంటే సరిపోయేది. సామాన్యుడికి అర్థం కాదంటారా? అన్నకి అర్థమయ్యేది. మా అందరికంటే ముందు అర్థమయ్యేది.

మిషను వాళ్ళని తిట్టే అర్హత నాకెంత ఉందో కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం ఒక క్లయింటు అప్లికేషన్లో వెనకున్న సర్వరు టైమవుట్ అయితే "మీరిచ్చిన వివరాలు తప్పు" అని చూపించే కోడు రాసింది నేనే. గడువు దాటింది, జవాబు రాలేదు, కాబట్టి తప్పు నీదే. అచ్చం ఆ మీట లాజిక్కే. ఎంతమంది తమ పుట్టినతేదీ తామే తప్పు కొట్టామనుకుని పదిసార్లు కొట్టి ఉంటారో. టెస్టింగులో ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే టెస్టింగు సర్వరు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

అడ్మిన్ వాళ్ళకి జామ్ చిట్టా ఫోటోతో సహా మెయిలు పెట్టాను. నా పాత జవాబు తప్పని కూడా అందులోనే రాశాను. మనిషిని మార్చే మాట ఆగిపోయింది. "థ్యాంక్స్, టికెట్ క్లోజ్ చేస్తున్నాం" అని వచ్చింది. అన్న దగ్గరికి వెళ్ళి నేనే అలా రాశానని చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీరు రాసిన్రని నాకెరికే సార్" అన్నాడు, చాయ్ కప్పులు సర్దుకుంటూ.

రెండు రీముల డబ్బుల గురించి అడిగితే ఆ నెల బిల్లు అయిపోయిందని ఏజెన్సీ వాళ్ళంటున్నారు. అడ్మిన్ని అడిగితే ఏజెన్సీని అడగమంటున్నారు. ఈ సోమవారం ఇద్దర్నీ ఒకే మెయిల్లో పెట్టి మళ్ళీ అడుగుతాను.