‘ఏం కాలేదు’ అనకండి!

2009 మార్చి 16. కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీయింగ్ నేర్చుకుంటూ జారిపడింది బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్. లేచింది, మామూలుగానే మాట్లాడింది. వచ్చిన అంబులెన్స్ అవసరం లేదనుకుని వెనుదిరిగింది. కాసేపటికి తలనొప్పి మొదలైంది. రెండ్రోజుల తర్వాత ఆమె లేదు. వయసు 45 ఏళ్లే!

దెబ్బకు రక్తనాళం చిట్లి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరడమే కారణం. పుర్రె సాగదు. దాంతో చేరిన నెత్తురు మెదడును నొక్కేస్తుంది. అంతవరకూ మనిషి బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. సకాలంలో సీటీ స్కాన్, ఆపరేషన్ జరిగితే ఇలాంటివాళ్లలో చాలామంది బతుకుతారు.

మన దగ్గర ఆ ముప్పు బైకు మీదే ఉంది. 2022లో దేశంలో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారన్నది కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే!

తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, మాట తడబడటం, ఫిట్స్, ముక్కు చెవుల్లోంచి నెత్తురు... వీటిలో ఏది కనిపించినా ‘పడుకుంటే తగ్గుతుందిలే’ అనుకోకూడదు. బాత్రూమ్‌లో జారిపడిన పెద్దవాళ్లలో, ముఖ్యంగా రక్తం పలుచబడే మందులు వాడేవారిలో, లక్షణాలు కొన్ని వారాలకు కూడా బయటపడొచ్చు.

రోడ్డు మీద ఎవరైనా పడిపోతే నోట్లో నీళ్లు పోయకండి. మెడ కదపకుండా 108కి ఫోన్ చేయండి. ‘పోలీసు కేసు మనకెందుకు’ అన్న భయం అక్కర్లేదు. సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పించింది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకూ లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం అందించే పథకాన్నీ 2025లో కేంద్రం తెచ్చింది.

అసలు పరీక్ష ఆ ఏడు రోజులయ్యాకే. గాయం మానుతుంది. కానీ, పేర్లు గుర్తుండవు. చిన్నమాటకే కోపం ముంచుకొస్తుంది. పనిలో మనసు నిలవదు. ‘మనిషి మారిపోయాడు’ అని ఇంట్లోవాళ్లు కుమిలిపోతారు. అది పొగరు కాదు, బద్ధకమూ కాదు... మెదడుకు తగిలిన దెబ్బ. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, కౌన్సెలింగ్ నెలల తరబడి అవసరం కావచ్చు. వాటితోపాటు ఇంట్లోవాళ్ల ఓపిక కూడా!