అయస్కాంతం బడి ఎవరిని లాగాలి?



అమెరికాలో మాగ్నెట్ స్కూళ్లు ఉన్నాయి. మాగ్నెట్ అంటే అయస్కాంతం. 1968లో టకోమా పట్టణంలో మొదటిది పెట్టిండ్రు. నల్లవాళ్ల పిల్లలు ఎక్కువున్న బడిలో మంచి చదువు పెడితే తెల్లవాళ్ల పిల్లలు కూడా ఇష్టంగా వస్తారని, అందరూ కలిసి చదువుతారని దాని ఉద్దేశం.

మన దగ్గర 1971లో సర్వేలులో మొదటి గురుకులం వచ్చింది. తర్వాత నవోదయలు వచ్చినయి. నవోదయలో ఆరో తరగతి సీటుకు పరీక్ష రాయాలి. కంచన్‌బాగ్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంది. అక్కడ ముందు కేంద్ర ఉద్యోగుల పిల్లలకు సీట్లిస్తారు. అయితే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, పేద పిల్లలకు లాటరీ తీసి ఇస్తారు.

నా అభిప్రాయంలో చిన్నపిల్లలకు పరీక్ష కన్న లాటరీయే న్యాయం. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లలే పరీక్షలో ముందుంటారు. అమ్మానాన్నలకు చదువు రాని ఇంట్లో, తెలుగే కొత్త భాషైన ఇంట్లో మార్కులు తక్కువ వస్తే అది తెలివి తక్కువా?

కానీ లాటరీలో పేరు రాని పిల్ల ఎక్కడికి పోవాలె? మంచి బడి ఒక్కటే ఉంటే అది ఒకరిని లాగి పదిమందిని వదిలేస్తది. పక్కనున్న మామూలు బడికి కూడా సార్లను, ల్యాబును ఇయ్యాలె. అప్పుడే అది అందరి చదువు. మీరూ ఆలోచించండి.

– 9వ తరగతి విద్యార్థిని