మృత్యుదేవత బడిలో నవ్వూ, భయమూ

99 దుష్టాత్మలను వేటాడి వశపరచుకున్న ఇద్దరు విద్యార్థులు చివరి మెట్టు దగ్గర నిలబడి ఉంటారు. ఇక మిగిలింది ఒక్క మంత్రగత్తె ఆత్మ. అది కూడా చేజిక్కితే వారి శ్రమ ఫలించినట్టే. నానా అగచాట్లూ పడి ఆ ఆత్మను హరిస్తారు. తీరా చూస్తే ఆమె మంత్రగత్తె కాదు, మాయలు మిక్కిలిగా తెలిసిన ఒక పిల్లి! నియమం తప్పినందుకు అంతవరకూ కూడబెట్టిన 99 ఆత్మలూ జప్తు అయిపోతాయి. లెక్క మళ్ళీ సున్న నుంచి మొదలవుతుంది.

జపాను యానిమే శ్రేణి 'సోల్ ఈటర్' తొలిభాగం ముగిసేది ఈ పరాభవంతోనే. కథానాయకులను గెలిపించి ప్రేక్షకుని ఆకట్టుకోవడం సాధారణ పద్ధతి. ఇక్కడ వారిని నవ్వులపాలు చేసి మరీ పరిచయం చేస్తారు. 51 భాగాల ఈ శ్రేణిలోని బలమంతా, బలహీనత కూడా చాలావరకు, ఈ స్వభావంలోనే ఇమిడి ఉన్నది.

దీనికి మూలం అత్సుషి ఓకుబో రచించి, బొమ్మలు గీసిన మాంగా. 'షోనెన్ గాంగాన్' మాసపత్రికలో 2004లో ఆరంభమై, 2013లో ముగిసి, 25 సంపుటాలుగా వెలువడింది. ఆ కథను బోన్స్ చిత్రనిర్మాణ సంస్థ తకుయా ఇగరాషి దర్శకత్వంలో తెరకెక్కించగా, 2008 ఏప్రిల్ నుంచి 2009 మార్చి వరకు టీవీ టోక్యో ప్రసారం చేసింది. మాంగా ముగియడానికి నాలుగేళ్ళ ముందే యానిమే ముగిసిపోయిందన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని పర్యవసానం తరువాత తెలుస్తుంది.

కథ జరిగేది అమెరికాలోని నెవాడా ఎడారిలో ఉన్నట్టు కల్పించిన ఒక నగరంలో. అక్కడ సాక్షాత్తు మృత్యుదేవత ఒక విద్యాలయం నడుపుతుంటాడు. విద్యార్థులు రెండు రకాలు: ఆయుధాలుగా మారగలవారు కొందరు, ఆ ఆయుధాలను చేతబట్టి పోరాడేవారు కొందరు. 99 దుష్టమానవుల ఆత్మలను, ఒక మంత్రగత్తె ఆత్మను ఆరగించిన ఆయుధం మృత్యుదేవత చేతికి తగినదవుతుంది. మకా అనే బాలిక పట్టుదల అంతా తన సహచరుడు సోల్‌ను ఆ స్థాయికి చేర్చాలన్నదే. సోల్ పెద్ద కొడవలిగా మారే కుర్రవాడు. మకా తండ్రి కూడా అటువంటి ఆయుధమే, కాని పరస్త్రీలోలుడు. తల్లిదండ్రుల కాపురం విచ్ఛిన్నం కావడం చూసిన పిల్ల కనుక, తండ్రిని మించిన ఆయుధాన్ని తయారుచేసి తీరాలన్న కసి ఆమెకున్నది. పైకి వేటలా కనిపించే కథకు అడుగున ఉన్నది ఈ బాధ.

మృత్యుదేవతను హాస్యపాత్రగా చూడటం తెలుగువారికి కొత్త కాదు. 1977లో వచ్చిన 'యమగోల'లో యమధర్మరాజును చూసి నవ్వని ప్రేక్షకుడు లేడు. ఆ యముడే బౌద్ధం వెంట తూర్పుకు పయనించి, జపానులో ఎన్మా అనే పేరుతో పాపపుణ్యాలు విచారిస్తున్నాడు. అయితే ఈ శ్రేణిలో కనిపించే షినిగామి ఆయన కాదు, వేరొక జపాను భావన. పిల్లలు గీసిన బొమ్మలాంటి కపాలపు ముసుగు, కీచుగొంతు, అతి పెద్ద అరచేతులు, నల్లని అంగీ, ఇదీ ఆయన రూపం. కోపం వస్తే ఆ అరచేతితో నెత్తిన ఒకటి వడ్డిస్తాడు. ఆయన బడికింద బందీగా ఉన్న మహాశత్రువు పేరు మాత్రం మన భాషలోనిదే: అసుర.

ఈ శ్రేణి మొదటి బలం చిత్రకల్పన. ఆ లోకంలో సూర్యునికి ముఖం ఉన్నది. పగలంతా బరువైన కనురెప్పలతో నవ్వుతూ ఉంటాడు, సాయంత్రానికి నిద్రకు తూగుతాడు. చంద్రుడు పళ్ళికిలించి చూస్తుంటాడు. ఆ పళ్ళసందుల నుంచి నెత్తురు కారుతుంటుంది. భవనాలు వంకర, వీధులు వంకర, నీడలు మరీ వంకర. ఇటువంటి లోకంలో దెయ్యం కనిపించినా ఆశ్చర్యం కలగదు. అద్భుతాన్ని నమ్మించడానికి వేరే ఉపన్యాసం అవసరం లేకుండా ఆకాశమే ఆ పని చేసిపెడుతుంది.

పోరాట దృశ్యాలలోనూ ఈ శ్రద్ధ కనిపిస్తుంది. మకా చేతిలోని కొడవలికి బరువున్నది. ఆమె దానిని తిప్పినప్పుడు, ఆ బరువు ఆమెనూ కొంత తిప్పుతుంది. ఎవరి ఆయుధాన్ని బట్టి వారి నడక, వారి యుద్ధరీతి మారిపోతుంటాయి. తాకు ఇవాసాకి సంగీతం ఈ దృశ్యాలకు తగిన తోడు. సంగీతం ఇక్కడ అలంకారం మాత్రమే కాదు. ఆయుధమూ, ఆయుధధారీ ఒకరి ఆత్మకొకరు శ్రుతి కలుపుకుంటేనే శక్తి పుడుతుందన్నది కథాసూత్రం. సోల్ పియానో వాయించగలవాడు. అపశ్రుతి దొర్లితే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే.

రెండవ బలం హాస్యం. మృత్యుదేవత కుమారుడైన కిడ్‌కు సౌష్ఠవం అంటే పిచ్చి. కుడి ఎడమలు సరిసమానంగా లేకపోతే ప్రాణం నిలవదు. శత్రువు ఎదుట నిలబడి, ఇంట్లో గోడకున్న పటం సరిగా వేలాడుతున్నదో లేదో అని కుమిలిపోతాడు. అంతటివాని తలలో ఒకవైపు మాత్రమే మూడు తెల్లని చారలు పెట్టాడు రచయిత! బ్లాక్ స్టార్ అనే మరొక కుర్రవాడు నిశ్శబ్దంగా చంపవలసిన హంతకవిద్య నేర్చి, వచ్చీరాగానే తన పేరు లోకమంతా వినేలా అరుస్తాడు. ఎక్స్‌కాలిబర్ అనే పవిత్రఖడ్గం సర్వశక్తిసంపన్నమైనదే. కాని తన ఘనతను గురించి గంటల తరబడి ఉపన్యసిస్తుంది, తనను ధరించేవాడు పాటించవలసిన 1,000 నియమాలను ఏకరువు పెడుతుంది. లోకవిజయం ఎదుట ఉన్నా, ఆ నస భరించలేక వీరులందరూ దానిని అక్కడే వదిలి దండంపెట్టి వెళ్ళిపోతారు. గొప్పతనం ఉండి సహవాసయోగ్యత లేనివారు ఏ దేశంలో లేరు!

అయితే ఈ శ్రేణిని కేవలం వినోదం కాకుండా కాపాడినది క్రోనా అనే బిడ్డ. ఆడో మగో కథ ఎక్కడా తేల్చదు. మంత్రగత్తె మెడుసా కన్నతల్లి. ఆ తల్లి బిడ్డ నెత్తురు తీసి, నల్లని నెత్తురు నింపి, అందులో రాగ్నరోక్ అనే ఆయుధాన్ని కలిపింది. చిన్న ప్రాణిని చంపమంటే చంపలేకపోయినందుకు చీకటిగదిలో బంధించింది. ఆ విధంగా తయారైన బిడ్డకు మనుషులతో ఎలా మసలుకోవాలో తెలియదు. ఏది ఎదురైనా, దానితో ఎలా వేగాలో తనకు తెలియదన్న మాటే పదేపదే నోట వస్తుంది.

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, శాంటా మరియా నోవెల్లా చర్చిలో మకాకు ఈ బిడ్డ ఎదురవుతుంది. పారిపోవడానికి మకా తలుపును బలంగా తోస్తుంది. ఆ తలుపులు లోపలివైపుకే తెరుచుకుంటాయని క్రోనా నింపాదిగా చెబుతుంది. ఆనాటి పోరులో మకాను కాపాడబోయి సోల్ తీవ్రంగా గాయపడతాడు. చాలా భాగాల తరువాత వారిద్దరూ మళ్ళీ తలపడతారు. ఈసారి మకా క్రోనా ఆత్మలోకే ప్రవేశిస్తుంది. అక్కడంతా ఇసుక. ఆ ఇసుకలో తన చుట్టూ తానే ఒక గీత గీసుకుని ఒక పసిబిడ్డ ఒంటరిగా కూర్చుని ఉన్నది. మకా కాలితో ఆ గీతను చెరిపివేసి, స్నేహంగా చేయి అందిస్తుంది. అంతవరకూ కత్తులు చేసిన పనికన్నా ఆ చెరిపివేత పెద్దది. లోపలివైపుకే తెరుచుకునే తలుపును లోపలికి వెళ్ళే తెరవాలని ప్రేక్షకునికి అప్పుడు తోస్తుంది.

బడిలో చేరిన తరువాత క్రోనా రాసిన కవిత చదివి, చదివిన ప్రతివాడూ దిగులుతో కూలబడిపోయే సన్నివేశం ఒకటున్నది. అది చూసి నవ్వు ఆగదు. ఆ నవ్వు ఆగిన క్షణంలో ఆ బిడ్డ మనసు ఎంత చీకటిగా ఉన్నదో తెలిసి నవ్వినవాడు సిగ్గుపడతాడు. హాస్యం చేయదగిన పని ఇంతకన్నా ఏముంటుంది?

ఇక లోపాలు. హాస్యం పేరుతో స్త్రీదేహాన్ని చూపించే అభిరుచి మొదటి భాగంలోనే దర్శనమిస్తుంది. ఆ పిల్లి అందగత్తె రూపంలో స్నానం చేస్తూ కనిపించడం, మగపాత్రల ముక్కుల నుంచి నెత్తురు చిమ్మడం వంటి చౌకబారు చమత్కారాలు కథకు ఏ విధంగానూ ఉపకరించవు. మకా తండ్రి తిరుగుళ్ళను ఒకచోట కూతురి గాయంగా చూపించి, మరొకచోట వినోదంగా చూపించడం రచనలోని నిలకడలేమి. పిల్లలతో కలిసి చూద్దామనుకునే పెద్దలు ఈ విషయం ముందే ఎరిగి ఉండటం మంచిది.

అదీగాక, మొదటిసారి నవ్వించినది పదవసారి విసిగిస్తుంది. కిడ్ సౌష్ఠవం, బ్లాక్ స్టార్ డాంబికం, ఎక్స్‌కాలిబర్ ఉపన్యాసం వారం వారం తిరిగి వస్తుంటాయి. వారానికొకటిగా చూసినవారికి అది పాత మిత్రుని పలకరింపులా ఉండవచ్చు. వరుసగా చూసేవారికి మాత్రం చెవిలో జోరీగ. నవ్వులకు వెచ్చించిన కాలంలో కొన్ని పాత్రలకు అన్యాయం జరిగింది. త్సుబాకి తన అన్నతో పోరాడవలసివచ్చిన ఘట్టం శ్రేణిలో మనసును కలచే వాటిలో ఒకటి. ఆ తరువాత ఆమె దాదాపు నేపథ్యంలోకి జారిపోయింది. కిడ్ చేతిలో తుపాకులయ్యే అక్కచెల్లెళ్ళు లిజ్, పాటీలకు ఆమాత్రం ఘట్టమూ దక్కలేదు.

అసలు చిక్కు ముగింపుతో వచ్చింది. మాంగా నెలకొక అధ్యాయం. యానిమే వారానికొక భాగం. నాలుగేళ్ళు ముందు బయలుదేరిన కథను ఏడాదిలో ప్రసారం అందుకున్నది. ఆగి ఎదురుచూసే వీలు వారంవారీ ప్రసారానికి లేదు. కనుక చివరి భాగాలలో యానిమే తన దారి తాను వేసుకున్నది. నగరమే మహాయంత్రమై నడిచి వెళ్ళి శత్రుదుర్గాన్ని ఢీకొంటుంది. తుదకు అసురుణ్ణి కూల్చేది ఏ దివ్యాయుధమూ కాదు, మకా పిడికిలి. ఆ పిడికిలిలో ఉన్నదల్లా ధైర్యం.

ఈ ముగింపును తిట్టినవారు అనేకులు. వారి మాటలో న్యాయమున్నది. 50 భాగాలపాటు ఇద్దరి శ్రుతి కలిస్తేనే శక్తి అని చెప్పి, చివరికి ఒంటరి పిడికిలితో ముగించడం కథ తన సూత్రాన్ని తానే మరచిపోవడమవుతుంది. కాని రెండవ పక్షం కూడా ఉన్నది. అసురుడు భయంనుంచి పుట్టిన పిశాచం. భయానికి తాళలేక తన ఆయుధాన్నే మింగి, ఒంటిమీద బట్టమీద బట్ట చుట్టుకున్నవాడు. అటువంటివానికి విరుగుడు ధైర్యమేనన్న ఆలోచనలో తప్పులేదు. ఆలోచన మంచిదే, దానిని పండించుకునే వ్యవధి చాలలేదు. పండకముందే కోసిన మామిడికాయకు పులుపు తప్పదు.

ఇదే బోన్స్ సంస్థ 2003లో 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' విషయంలోనూ ఇటువంటి చిక్కులోనే పడింది. అప్పటికి మాంగా పూర్తికాకపోవడంతో 51 భాగాలలో సొంత ముగింపు కల్పించుకున్నది. తరువాత మూలాన్ని అనుసరిస్తూ అదే కథను 64 భాగాలుగా మళ్ళీ తీసింది. ఆ రెండవ ప్రయత్నం ప్రసారం మొదలైనది 2009 ఏప్రిల్‌లో, అంటే 'సోల్ ఈటర్' ముగిసిన మరుసటి నెలలోనే. 2014లో వచ్చిన 'సోల్ ఈటర్ నాట్!' 12 భాగాలలో వేరే విద్యార్థుల కథ చెప్పిందే తప్ప, పెద్దకథకు మూలంలోని ముగింపును అందించలేదు. ఆ ముగింపు కావలసినవారు 25 సంపుటాలను ఆశ్రయించవలసినదే.

మరి చూడదగినదేనా? నిస్సందేహంగా. అయితే గమ్యంకోసం కాదు, ప్రయాణం కోసం. చివరి పిడికిలిని మరచిపోయినా, ఇసుకలో చెరిగిన ఆ గీతను ప్రేక్షకుడు మరచిపోడు. 99 ఆత్మలు పోగొట్టుకున్న పిల్లలు మర్నాడు మళ్ళీ బడికి వచ్చి, మొదటి ఆత్మ నుంచి లెక్క మొదలుపెడతారు. ఈ శ్రేణి పొరపాట్లను క్షమించడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.