చక్రాల ఇంటికి కొత్త చార్జరు కావాలా?

పిల్లలూ! అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ "మోటారు హోము" అనే బండ్లు ఉన్నవి. చూడటానికి బస్సులాగే ఉంటుంది గాని, లోపలికి వెళితే అది అచ్చంగా ఇల్లే! మంచాలు, వంటపొయ్యి, నీళ్ళతొట్టి, దీపాలు అన్నీ ఉంటవి. సెలవులు రాగానే కుటుంబమంతా అందులో ఎక్కి, ఏ అడవి అంచునో, ఏ సరస్సు పక్కనో ఆగి, అక్కడే వండుకుని, అక్కడే నిద్రపోతారు.

అటువంటి చోట కరెంటు స్తంభాలు ఉండవు కదా, మరి దీపాలు ఎలా వెలుగుతవి? ఇంజనును నడిపించటానికి ఉన్న బాటరీ గాక, ఇంటి అవసరాలకు బండిలో వేరే బాటరీ ఉంటుంది. కరెంటు ఉన్న విడిదిలో బండిని ఆపినప్పుడు ఈ బాటరీని నింపే పెట్టెనే చార్జరు అంటారు. అమెరికాలో బయటి కరెంటు 120 వోల్టులు. ఈ పెట్టె దాన్ని 12 వోల్టుల బాటరీకి తగినట్టుగా మార్చి ఇస్తుంది.

పాత మోటారు హోము ఉన్నవారికి ఒక సందేహం వస్తూ ఉంటుంది. పాత చార్జరును ఉంచుకోవాలా, తీసివేసి కొత్తది పెట్టించాలా? బాటరీ లోపల ఏమి జరుగుతుందో తెలుసుకుంటే ఇందుకు జవాబు దొరుకుతుంది.

తిరిగి తిరిగి నింపుకోదగిన బాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులతో, గంధకామ్లంతో తయారుచేశాడు. మన ఇళ్ళలో ఇన్వర్టరుకు తగిలించే బాటరీ కూడా చాలాచోట్ల ఈ జాతిదే. 12 వోల్టుల బాటరీలో ఆరు గదులుంటవి. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టులిస్తుంది. కరెంటు వాడినకొద్దీ రేకులమీద లెడ్ సల్ఫేటు అనే పదార్థం ఏర్పడుతుంది. మళ్ళీ చార్జి చేస్తే అది పోతుంది. చార్జి చెయ్యకుండా చాలాకాలం వదిలేస్తే గట్టి పలుకులుగా మారి, ఇక పోనని మొరాయిస్తుంది! అలా అని అతిగా చార్జి చేస్తే, లోపలి నీరు హైడ్రోజను, ఆక్సిజను వాయువులుగా విడిపోయి తరిగిపోతుంది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

బిందె నింపేటప్పుడు మీరేమి చేస్తారు? మొదట కొళాయి పూర్తిగా తిప్పుతారు. నీరు మెడదాకా రాగానే ధార తగ్గిస్తారు. నిండిన తరవాత కట్టివేస్తారు. కొత్త చార్జరు చేసేదీ ఇంచుమించు ఇదే. మొదట తాను ఇవ్వగలిగినంత కరెంటు ఇస్తుంది. సుమారు 14.4 వోల్టులకు చేరగానే అక్కడే నిలుస్తుంది. కరెంటు దానంతటదే తగ్గుతూ వస్తుంది. బాటరీ నిండాక సుమారు 13.5 వోల్టులకు దిగి, కాపలా కాస్తూ ఉంటుంది. చాలా పాత చార్జర్లకు ఈ తెలివి లేదు. అవి ఎల్లప్పుడూ 13.6 నుంచి 13.8 వోల్టుల దగ్గరే ఉంటవి. ఖాళీ బాటరీ నిండటానికి చాలా సేపు పడుతుంది. నెలల తరబడి తగిలించి ఉంచితే నీరు మెల్లగా తరిగిపోతుంది.

అయితే అందరూ కొత్తది కొనవలసిందేనా? కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్ళి, ప్రతి రాత్రీ కరెంటు ఉన్న విడిదిలోనే ఆగేవారికి తొందరేమీ లేదు. రాత్రంతా సమయముంది గనక పాత చార్జరే నింపుతుంది. అడవిలో ఉండి, రోజుకు రెండు గంటలు జనరేటరు నడుపుకునేవారికి మాత్రం కొత్తది మేలు. ఆ కొద్దిసేపట్లోనే ఎక్కువ నింపుతుంది. బండిని నెలల తరబడి ఇంటిముందు కరెంటుకు తగిలించి ఉంచేవారికీ మేలే. లిథియం బాటరీ పెట్టదలచినవారు, తమ చార్జరు దానికి తగినదేనా అని ముందుగా చూసుకోవాలి. లిథియం బాటరీని గడ్డకట్టే చలిలో చార్జి చెయ్యరాదు కూడా.

డబ్బు ఖర్చు చేసేముందు ఒక పరీక్ష ఉన్నది. బాటరీని బాగా చార్జి చేసి, తీగెలు విప్పి, రాత్రంతా అలాగే వదిలి, తెల్లవారి వోల్టులు కొలవాలి. 12.6 గాని, ఇంకా ఎక్కువ గాని ఉంటే మంచిదే. 12 కంటే కిందికి దిగితే జబ్బు బాటరీది. కొత్త చార్జరు ఎంత మంచిదైనా దాన్ని బతికించలేదు! తీగెల చివర్లు వదులయినా, చిలుము పట్టినా కూడా చార్జి సరిగా ఎక్కదు. వాటిని శుభ్రం చేయించటానికి అయ్యే ఖర్చు స్వల్పమే. ముందు జబ్బేమిటో తెలుసుకుని, ఆ తరవాత మందు కొనాలి.

ఈ పనులు పెద్దవాళ్ళు చేయవలసినవి. చార్జరు పెట్టెలోని కరెంటు ప్రాణం తీయగలదు. బాటరీనుంచి వచ్చే హైడ్రోజను నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, అందులో డిస్టిల్డు వాటరు చివరిసారి ఎప్పుడు పోశారో నాన్నగారిని అడగండి. కొళాయి నీళ్ళు ఎందుకు పొయ్యకూడదో కూడా అడగండి. ఆ నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు రేకులను పాడుచేస్తవని వారు చెబితే, సరైన జవాబే చెప్పారన్నమాట!